బీటెక్ ప్రాజెక్టు వైవా మారాలి

సంపాదకులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కొత్తగా బీటెక్ పూర్తిచేసిన పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే పని కూడా నాకు అప్పజెబుతుంటారు. ఈమధ్య ఒకే రోజు ముగ్గురు పిల్లలు, మూడు వేర్వేరు జిల్లాల కాలేజీల వాళ్లు, ఒకే ప్రాజెక్టుతో వచ్చారు. ముఖం గుర్తుపట్టి అటెండెన్స్ వేసే సిస్టమ్. రిపోర్టులో బొమ్మలు అవే, స్క్రీన్‌షాట్లు అవే, చివర్లో "ఫ్యూచర్ స్కోప్" కింద రాసిన వాక్యాలు కూడా అవే. మూడో అమ్మాయిని "ఇందులో నువ్వు రాసిన భాగం ఏదమ్మా?" అని అడిగితే కాసేపు తల దించుకుని, "నలుగురం తలా కొంత వేసుకుని అమీర్‌పేటలో కొనుక్కున్నాం మేడమ్, మా సీనియర్లు కూడా అక్కడే తీసుకున్నారు" అంది. నిజం చెప్పినందుకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది, కానీ ఉద్యోగం మాత్రం ఇవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

మన పిల్లలకు స్కిల్స్ లేవని పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా బయట ఇంకో శిక్షణ మొదలవుతుంది. తెలంగాణలో 2014లో టాస్క్ అనే ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ వచ్చింది, 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉంది. వీటిని నేను తప్పుపట్టడం లేదు. కానీ బీటెక్ నాలుగేళ్లలోనే ప్రాక్టికల్ పనికి చోటుంది కదా. ల్యాబ్‌లు ఉన్నాయి, మినీ ప్రాజెక్టు ఉంది, మేజర్ ప్రాజెక్టు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 రెగ్యులేషన్ల నుంచి రెండో ఏడాది, మూడో ఏడాది అయ్యాక వేసవి ఇంటర్న్‌షిప్‌లు, చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు కూడా పెట్టారు. ఇంత చోటు ఇచ్చి, అందులో పని జరుగుతోందో లేదో ఎవరూ చూడకపోతే పిల్లలు ప్రాజెక్టులు అమ్మే దుకాణానికి వెళ్లక ఎక్కడికి వెళ్తారు?

నా చదువు ఊరి బయట ఉన్న ఒక అఫిలియేటెడ్ కాలేజీలో సాగింది. సీ ప్రోగ్రామింగ్ ల్యాబ్ అంటే ప్రోగ్రాంలు రాసే టర్బో సీ సాఫ్ట్‌వేర్ నీలి తెర, అందులో వాయిడ్ మెయిన్, గెట్‌చ్ అనే పాతకాలపు కోడ్ మాటలు. మేం వాడిన టర్బో సీ++ 3.0 వెర్షన్ 1991 నాటిది. నా మేనకోడలు ఇప్పుడు బీటెక్ రెండో ఏడాది, మొదటి ఏడాది తన ల్యాబ్‌లోనూ అదే నీలి తెర అని చెబితే నాకు నోట మాట రాలేదు. మా రోజుల్లో ప్రోగ్రాం నడిచిందా లేదా అన్నదానికంటే రికార్డు నీట్‌గా రాశామా, ఫ్లోచార్టు స్కేలు పెట్టి గీశామా అన్నదానికే మార్కులు పడేవి. ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజున చీటీ తీస్తే వచ్చేది రికార్డులో ఉన్న ప్రోగ్రామే, బట్టీ పట్టి ఉంచుకున్నదే. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఎర్రర్ మెసేజ్ చదివి అర్థం చేసుకోవడం రాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చిన రోజులున్నాయి నాకు. నాలుగేళ్లలో ఒక్కసారైనా ఎవరో రాసి వదిలేసిన, చెడిపోయిన ప్రోగ్రాం ముందు కూర్చోబెట్టి "తప్పెక్కడుందో పట్టుకో" అన్నవాళ్లు లేరు. ఆఫీసులో మేం రోజూ చేసే పనిలో చాలా భాగం అదే. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసిపెట్టే గిట్ పుట్టింది 2005లో, మేం చదివేనాటికే ఉంది, దాని పేరు నేను విన్నది మాత్రం ఉద్యోగంలో చేరాకే.

ఇక్కడ ఇంకో పిల్లవాడి గురించి చెప్పాలి. వాళ్ల నాన్న ఊళ్లో పాల సేకరణ కేంద్రం నడుపుతారు. ఉదయం, సాయంత్రం రైతులు పాలు పోస్తారు, ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) రీడింగ్ చూసి రేటు కడతారు, పది రోజులకోసారి బిల్లు. ఈ అబ్బాయి ఆ లెక్కల కోసం సెలవుల్లో ఫోన్‌లో నడిచే చిన్న యాప్ రాశాడు, కాలేజీ ప్రాజెక్టు కోసం కాదు, నాన్న రాత్రిళ్లు పుస్తకం ముందేసుకుని కూడికలు చేయడం చూడలేక. థియరీ ప్రశ్నలు రెండు అడిగితే తడబడ్డాడు. యాప్ గురించి అడగ్గానే మనిషే మారిపోయాడు. ఊళ్లో నెట్ పోతే ఏం చేస్తావంటే, ఫోన్‌లోనే దాచి నెట్ వచ్చాక పంపుతున్నానని, మొదట్లో ఒకే రైతు పాలు రెండుసార్లు ఎక్కి గొడవైందని, దాన్ని ఎలా సరిచేశాడో బోర్డు మీద గీసి చూపించాడు. రీడింగ్ తప్పు కొట్టి తర్వాత దిద్దితే పాత అంకె చెరిపేయాలా, ఉంచాలా అన్నదాని మీద వాళ్ల నాన్నకూ తనకూ వారం రోజులు వాదన నడిచిందట. రైతు వచ్చి "నిన్న ఐదు అన్నావు, ఈరోజు నాలుగున్నర ఎందుకు రాశావు" అని నిలదీస్తే చూపించడానికి పాతదీ ఉండాలని చివరికి తేల్చుకున్నారు. బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాసే మేం మీటింగుల్లో మాట్లాడుకునే విషయం సరిగ్గా ఇదే! ఆ అబ్బాయిని తీసుకున్నాం. కాలేజీ వైవాలో, అంటే ప్రాజెక్టు మీద జరిగే నోటి పరీక్షలో, తను చూపించింది మాత్రం వేరే ప్రాజెక్టు, టైటిల్ బరువుగా లేకపోతే గైడ్‌గా ఉండే లెక్చరర్ ఒప్పుకోరని కొనుక్కున్నదే.

అందుకే యూనివర్సిటీలను నేను అడిగేది ప్రాజెక్టు గురించే. మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లోనే మొదలుపెట్టించండి. దాన్ని వాడే మనిషి ఒకరు నిజంగా ఉండాలి, వాళ్ల కాలేజీ లైబ్రేరియన్ కావచ్చు, హాస్టల్ మెస్ సూపర్‌వైజర్ కావచ్చు, ఊళ్లో ఎరువుల దుకాణం ఆయన కావచ్చు. వారం వారం రాసిన కోడ్ గిట్‌లో తేదీలతో సహా కనిపించాలి, ఒక్క రాత్రిలో మొత్తం వచ్చి పడితే అక్కడే తెలిసిపోతుంది. ఇక వైవాలో పవర్‌పాయింట్ స్లైడ్లు చదివించడం మానేసి, ఎగ్జామినర్ ఒక చిన్న మార్పు చెప్పి గంట టైం ఇవ్వాలి. పాల యాప్ అయితే "పండక్కి లీటరుకు రూపాయి బోనస్ కలుపు" అనాలి. తను రాసినవాడు ఎక్కడ చెయ్యి పెట్టాలో వెతుక్కుని చేస్తాడు, పూర్తికాకపోయినా ఏం ఆలోచించాడో చెబుతాడు, కొన్నవాడికి ఫైలు ఎక్కడుందో కూడా తెలియదు. ఇప్పుడు అమీర్‌పేట దాకా వెళ్లే పని కూడా లేదు, ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే ప్రాజెక్టంతా రాసిచ్చేస్తోంది. దాన్ని వాడొద్దని నేను అనను, మేమూ వాడుతున్నాం. అది రాసిచ్చినదాన్ని చదివి, తప్పుంటే పట్టుకోగలడా అన్నది కూడా ఈ గంటలోనే బయటపడుతుంది.

ఇంకొక్క మాట, వైవాలో తెలుగులో చెబితే మార్కులు తగ్గించకండి. ఆ పాల కేంద్రం అబ్బాయి బోర్డు మీద వివరించింది తెలుగులోనే. ఇంగ్లిష్ తర్వాత నేర్చుకోవచ్చు, ఆఫీసులో చేరాక మేమంతా అలాగే నేర్చుకున్నాం. ఇంగ్లిష్ టెన్షన్‌లో తన పని తాను చెప్పుకోలేక వెనక్కి వెళ్లిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఇందులో లెక్చరర్లను తిట్టి లాభం లేదు. ఒక్కో గైడ్ మీద పదికి పైగా బ్యాచ్‌లు వేసి, వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిప్పే కాలేజీలు నాకు తెలుసు, వాళ్లు ప్రతి కోడ్‌నూ ఎప్పుడు చదువుతారు? పైగా 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితి ఎత్తేసింది, కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు ఇంకా పెరుగుతున్నాయి. సీట్లు పెంచుకునే కాలేజీ అంతమంది గైడ్లను కూడా చూపించాలని యూనివర్సిటీ పట్టుబట్టాలి. పరిశ్రమలో అనుభవం ఉన్నవాళ్లను ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవచ్చని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా అవకాశం ఉంది. బిట్స్ పిలానీలో విద్యార్థులను నెలల తరబడి సంస్థలకు పంపే ప్రాక్టీస్ స్కూల్ 1973 నుంచి నడుస్తోంది. అది డబ్బున్న సంస్థ, మనకు కుదరదు అంటారేమో. వైవాలో ఒక గంట మార్పు పని పెట్టడానికి డబ్బుతో పనేముంది?

ఇంటర్న్‌షిప్‌ల సంగతి కూడా చూడాలి. డబ్బు కడితే సర్టిఫికెట్ పంపేస్తామనే మెసేజ్‌లు నా మేనకోడలి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చి పడుతుంటాయి. పిల్ల ఏ పని చేసింది, ఎవరి కింద చేసింది అన్నది కాలేజీ ఒక ఫోన్ చేసి అడిగినా చాలు, ఇవి సగం ఆగిపోతాయి. ఈ చదువుల్లో చాలావాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రూపంలో కడుతున్నది ప్రజల డబ్బే, నేను కూడా ఆ డబ్బుతోనే చదువుకున్నాను.

ఈసారి ప్రాజెక్టు వైవాలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ల జాబితా వేసేటప్పుడు పనిలో ఉన్న ఇంజనీర్లను కూడా చేర్చమని రెండు రాష్ట్రాల యూనివర్సిటీలను కోరుతున్నాను. మా టీములోనే నలుగురం శనివారాలు వస్తామని అనుకున్నాం. దూరం కాలేజీలైతే వీడియో కాల్‌లో చూస్తాం. రెమ్యునరేషన్ ఏమీ అక్కర్లేదు, వారం ముందు ఆ పిల్లల కోడ్ మాకు పంపితే చదువుకుని వస్తాం.

— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, కూకట్‌పల్లి, హైదరాబాద్