మేనమామను చూడటానికి వచ్చిన అమెరికా ఆవిడ

కేంబ్రిడ్జ్, ఇంగ్లండ్,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన మూర్తీ,

నీ ఉత్తరం అంది చాలా రోజులైనా జవాబు రాయలేకపోయినందుకు క్షమించు. ఇక్కడ అందరం కులాసా. పిల్లవాడి బడి మారింది, ఇంటి అద్దె పెరిగింది, మా ఆవిడ పెంచిన వంకాయ మొక్కలు చలికి చచ్చిపోయాయి. ఇవన్నీ ఇంకోసారి తీరిగ్గా రాస్తాను. నిన్న జరిగిన సంగతి నీకు చెబితే తప్ప నాకు మనసు నిలవదు.

నిన్న మధ్యాహ్నం మా బస్సులో డెబ్బై దాటిన అమెరికా ఆవిడ ఒకరు ఎక్కారు. ఎక్కుతూనే డ్రైవరును పలకరించి, తాను అయోవా నుంచి వచ్చాననీ, మాడింగ్లీలో ఉన్న అమెరికా సైనికుల శ్మశానానికి వెళ్ళాలనీ చివరి సీటు దాకా వినిపించేలా చెప్పారు. కూర్చున్నాక ఎదుటి ముసలాయన ఊరేదో, పక్కనున్న అమ్మాయి ఏం చదువుతోందో అడిగారు. ఇక్కడి బస్సుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఒకరినొకరు పలకరించుకోవడం అరుదు కదా, నా వెనక కూర్చున్న ఇద్దరు కుర్రవాళ్ళు "అమెరికా వాళ్ళంతా ఇంతే, గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాదు" అని నవ్వుకున్నారు. వాళ్ళు డబ్బు చూపిస్తారనీ, అందరినీ చూసి నవ్వుతారు గానీ ఆ నవ్వులో మనసుండదనీ, తమ దేశం దాటితే ప్రపంచం ఎక్కడుందో ఎరగరనీ ఈ ఊళ్ళో ఎంతమంది నోట విన్నానో! ఆవిడకు ఆ మాట వినపడిందో లేదో తెలియదు. నాకు మాత్రం ఒళ్ళు మండి, ఆవిడతోపాటు నేనూ దిగాను.

ఆ మాటలు ఈ దేశంలో రెండో ప్రపంచయుద్ధ కాలం నుంచీ ఉన్నవే, మూర్తీ. 1942లో అమెరికా సైనికులు రావడం మొదలై, 1944 మే నాటికి దాదాపు పదిహేను లక్షల మంది ఈ దేశంలో ఉన్నారు. వెన్నకూ గుడ్లకూ రేషను కార్డు చూసుకుంటున్న ఊళ్ళలోకి, బ్రిటిష్ సైనికుడి కంటే కొన్ని రెట్లు జీతం వచ్చే కుర్రవాళ్ళు చూయింగ్ గమ్ము జేబులో వేసుకుని దిగేసరికి, జీతం ఎక్కువనీ, ఆడపిల్లల యావ ఎక్కువనీ, పైగా వచ్చి మన నెత్తిన కూర్చున్నారనీ జనం అనుకోవడం మొదలుపెట్టారు. ఆ సంగతి ఊహించే కాబోలు, అమెరికా యుద్ధశాఖ 1942లోనే తన సైనికులకు ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఇచ్చింది. గొప్పలు చెప్పుకోకండి, జీతం డబ్బు ఆర్భాటంగా ఖర్చు పెట్టకండి, ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే ఎక్కువ తినకండి, అది వాళ్ళ వారం రేషను కావచ్చు అని అందులో రాశారు. ఎదుటివాడి కంచంలో ఎంత ఉందో చూసుకుని తినమని చెప్పి పంపిన వాళ్ళను, ఇతరుల గురించి పట్టని మనుషులని ఎలా అనగలం?

శ్మశానం ఊరికి పడమరగా, చిన్న ఎత్తు మీద ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ఇచ్చిన నేల అది. పచ్చిక మీద వంపు తిరిగిన వరసల్లో 3,800కు పైగా తెల్లని పాలరాతి గుర్తులు, ఎక్కువ శిలువలు, అక్కడక్కడా యూదుల నక్షత్రాలు. ఒక పక్క పొడవాటి గోడ మీద ఆచూకీ దొరకని 5,127 మంది పేర్లు చెక్కారు. ఈ చుట్టుపక్కల విమానాశ్రయాల నుంచి జర్మనీ మీదికి వెళ్ళి, తిరిగిరాని విమాన సిబ్బంది వాళ్ళలో చాలామంది. ఆవిడ మేనమామ కూడా బి-17 అనే బాంబులు వేసే విమానంలో తుపాకీ పేల్చే గన్నరు, 1944లో పోయాడు.

అక్కడి ఉద్యోగి ఒక బకెట్టుతో తడి ఇసుక తెచ్చాడు. శిలువ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పాలరాతిలో చెక్కిన ఒక్కొక్క అక్షరంలోకి ఆ ఇసుకను అరచేత్తో రుద్ది, పైన అంటుకున్నది స్పాంజితో తుడిచేశాడు. అంతదాకా తెలుపులో తెలుపుగా కనిపించకుండా ఉన్న పేరు బంగారు రంగులో పైకి తేలింది. పేరూ, హోదా, దళం, రాష్ట్రం, పోయిన తేదీ, అంతే. పుట్టిన తేదీ రాయలేదు. ఆవిడ అది చూసి, "మా అమ్మ ఏటా ఆ రోజున తమ్ముడి పేరున కేకు చేసేది, బతికున్నంతకాలం మానలేదు" అన్నారు. బస్సంతా వినిపించిన ఆ గొంతు, పక్కనే నిలబడ్డ నాకు సరిగా వినపడలేదు.

యుద్ధం ముగిశాక కొడుకు దేహాన్ని ఇంటికి పంపమంటారా, ఇక్కడే ఉంచమంటారా అని ప్రభుత్వం కుటుంబాలను అడిగిందట. తోటివాళ్ళ మధ్యనే ఉండనివ్వమని వాళ్ళ అమ్మమ్మ రాసిందట. మీ అన్నయ్య డల్లాస్ వెళ్ళేనాడు పిన్నిగారు అన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది: పద్దెనిమిదేళ్ళు రాగానే పిల్లల్ని పంపించేసే జాతి అది, అక్కడ చుట్టరికాలుండవు అని. మూర్తీ, తాను పుట్టకముందే పోయిన మేనమామ కోసం సముద్రం దాటి వచ్చిన మనిషిని నేను కళ్ళారా చూశాను. మన రేపల్లె మామయ్యా, ఆ గొడుగూ జ్ఞాపకం వచ్చి నాకు ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. ఆ గొడుగు సంగతి ఆవిడకు చెబితే... సరే, అది నీకూ నాకూ మధ్యనే ఉండనీ.

అమెరికా చేసినవన్నీ నేను వెనకేసుకు వస్తున్నానని అనుకోకు. ఆ సైన్యం తెల్లవారినీ నల్లవారినీ వేరుగా ఉంచింది. 1943 జూన్‌లో, లాంకషైర్‌లోని బ్యాంబర్ బ్రిడ్జ్ అనే ఊళ్ళో, పబ్బుల్లోనూ అదే వేర్పాటు పాటించమని అమెరికా అధికారులు కోరితే, "నల్లజాతి సైనికులకు మాత్రమే" అని అక్కడివాళ్ళు బోర్డులు పెట్టారు. తర్వాత జరిగిన కాల్పుల్లో ఒక నల్లజాతి సైనికుడు చనిపోయాడు. ఆ ఊరివాళ్ళు అమెరికా వాళ్ళందరినీ ఒకే గాటన కట్టలేదు, ఎవరి పక్షాన నిలబడాలో మనిషిని చూసి తేల్చుకున్నారు. బస్సులోని కుర్రవాళ్ళకు ఆ పాటి ఓపిక లేకపోవడమే నా బాధ.

తిరుగు బస్సులో ఆవిడ మా అమ్మమ్మ పేరు అడిగి, రెండుసార్లు పలికించుకుని, తన పుస్తకంలో రాసుకున్నారు. ఊళ్ళోని ఈగిల్ అనే పబ్బులో, యుద్ధకాలపు వైమానికులు కొవ్వొత్తి పొగతోనూ లిప్‌స్టిక్కుతోనూ తమ పేర్లు రాసిన పైకప్పు ఉంది, అక్కడికి కూడా తీసుకువెళ్ళాను. అక్కడ ఆవిడ ఏం చేశారంటే... ఇది రేపు హైదరాబాదు వెళ్తున్న శాస్త్రిగారి చేతికిచ్చి పంపాలి, ఆయన అప్పుడే వచ్చి కింద హారను కొడుతున్నారు. పిన్నిగారికి నమస్కారాలు చెప్పి, ఈ ఉత్తరం తప్పక చదివి వినిపించు. ఆవిడ ఏమన్నారో రాయి.

నీ
ప్రసాదు