వీ-క్రాస్‌కు వీల్ స్పేసర్లు వేయించే ముందు

అందరికీ నమస్కారం. మన ఇసుజు వీ-క్రాస్ పికప్‌లకు వీల్ స్పేసర్లు (చక్రానికీ, దాన్ని బిగించే హబ్‌కూ మధ్య పెట్టే లోహపు బిళ్లలు) వేయించొచ్చా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

లాభం లేకపోలేదు. వెడల్పు టైర్లు వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల సస్పెన్షన్ ఆర్మ్‌కు రాసుకుంటాయి. స్పేసర్ అక్కడ సందు ఇస్తుంది. మలుపుల్లో బండి కాస్త నిలకడగానూ ఉంటుంది.

కానీ చక్రం బయటికి జరిగిన కొద్దీ హబ్ బేరింగ్ మీద భారం పెరుగుతుంది. గుంతల్లో స్టీరింగ్ చేతిని లాగుతుంది. బురదంతా తలుపుల మీదే. వెనక లోడు వేసే బండికైతే వద్దే వద్దు.

వేయించాలనే అనుకుంటే, హబ్‌కు సరిగ్గా కూర్చుని సొంత స్టడ్లు (వీల్ నట్లు ఎక్కే బోల్టులు) ఉన్న రకమే తీసుకోండి. ఉత్త పళ్లెంలా ఉండేది పెడితే నట్టుకు దొరికే మరలు తగ్గిపోతాయి. ఇంకో సంగతి చాలామంది చూడరు. సన్నటి స్పేసర్ బిగించాక హబ్‌కున్న పాత స్టడ్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి. అవి ఇమిడేలా వీల్ వెనక గుంటలున్నాయో లేదో టార్చ్ వేసి చూడండి. లేకపోతే వీల్ పూర్తిగా ఆనదు, ఎంత బిగించినా నట్లు వదులవుతాయి. ఇంపాక్ట్ గన్‌తో సరిపెట్టకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పనిముట్టు) బిగించమనండి. 100 కి.మీ. తిరిగాక మళ్లీ చూపించండి.

లుక్ కోసమే అయితే తక్కువ ఆఫ్‌సెట్ వీల్స్ (స్పేసర్ లేకుండానే బయటికి జరిగి కూర్చునే చక్రాలు) నయం. బేరింగ్ భారం తప్పదు గానీ మధ్యలో అదనపు జాయింటు ఉండదు. ఏది మార్చినా ముందు ఆర్‌టీఓలో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర అడగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడాన్ని ఇష్టం వచ్చినట్టు ఒప్పుకోదు.

ఇప్పటికే వేయించినవాళ్లు లాంగ్ ట్రిప్‌కు బయల్దేరే ముందు నట్లు ఒకసారి తప్పకుండా చెక్ చేయించండి.