చచ్చుబడిన చేతికి పని చెప్పండి

ఎడిటర్ గారికి,

పక్షవాతం వచ్చిన మనిషిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక మన ఇళ్లల్లో జరిగేది దాదాపు ఒకటే: అన్నం కలిపి నోట్లో పెట్టడం, చొక్కా గుండీలు మనమే పెట్టడం, ఎవరో చెప్పారని పావురం రక్తం రాయడం. ప్రేమే, కాదనను. కానీ చేతికి పని లేకపోతే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది.

పక్షవాతంలో చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు, చుట్టుపక్కల భాగాలే ఆ పని నేర్చుకోవాలి, అదీ పదే పదే చేయిస్తేనే. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త బాగున్న చేతికి గ్లౌజు తొడిగి, పడిపోయిన చేత్తోనే పనులు చేయించారు. స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందితో చేసిన పరిశోధన 2006లో వచ్చింది, రెండు వారాలు ఇలా సాధన చేసినవాళ్ల చెయ్యి మిగతావాళ్లకంటే బాగా మెరుగైంది. (వేళ్లు కాస్తయినా కదిలేవాళ్లకే ఇది.)

మా బాబాయి చేత ఫిజియో శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయించేవారు. బొటనవేలు, చూపుడువేలు కలిసేవి కావు, సగం గింజలు కిందే, పిన్ని సాయం చేయబోతే ఆయనకు ఒకటే చిరాకు. ఇప్పుడు టీ గ్లాసు ఆయనే పట్టుకుంటారు, తొణికినా సరే.

మొదటి మూడు నెలలే చాలా కీలకం. ఆ టైంలో ఫిజియో కోసం పల్లె నుంచి రోజూ టౌనుకు ఆటో కట్టుకుని ఎంతమంది వెళ్లగలరు? ప్రతి మండల కేంద్రంలో ప్రభుత్వం ఒక ఫిజియోథెరపిస్టును పెట్టాలి, డిశ్చార్జి రోజే ఇంట్లోవాళ్లకు కసరత్తులు నేర్పి పంపాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా