అమ్మలూ, నువ్వు రాసే లిస్టు గురించి

అమ్మలూ,

నిన్న ఫోనులో సిగ్నల్ పోతూ వస్తూ ఉంది, రేపట్నుంచి పంట నష్టం రాయడానికి చేలమీదకి వెళ్తున్నానన్న ముక్క మాత్రం వినిపించింది. అప్పట్నుంచి నీతో చెప్పాల్సినవి మనసులో తిరుగుతూనే ఉన్నాయి. ఫోనులో అయితే సగం మర్చిపోతాను, అందుకని రాసి పంపుతున్నాను, రాత్రి తిన్నాక చదువుకో.

ముందు ఇంటి సంగతి. అందరం బాగానే ఉన్నాం, టెన్షన్ పడకు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, ఆ గాలికి పెరట్లో రెండు కొబ్బరిచెట్లు పోయాయి. గేదెని సాయంత్రమే బడి దగ్గరికి తోలేశాం. చేను పడిపోయింది. స్వర్ణ రకం వరి వేశాం కదా, సగం ఈనింది, సగం ఇంకా వెన్ను బయటికి రాక పొట్ట మీద ఉంది. మురుగుకాలువ నిండుగా పారడంతో నాలుగు రోజులు నీరు దిగలేదు. దిగాక నేనూ మీ అమ్మా వంగి నాలుగేసి దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టుకుంటూ వచ్చాం, ఎకరంన్నర అయ్యేసరికి మీ అమ్మకి నడుం పట్టేసింది.

నీకు చెప్పాలనుకున్నది దీని గురించే. అలా కట్టి నిలబెట్టిన చేను రోడ్డు మీంచి చూస్తే పచ్చగా, ఏమీ కానట్టే ఉంటుంది. పంటలో 33 శాతం పోతేనే సాయమని రూలు కదా, గట్టు మీద నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి ఆ 33 ఎలా కనపడుతుంది? చేలోకి దిగి ఒక వెన్ను తుంచి గింజని గోటితో నొక్కి చూడు. పాలొస్తే బతికినట్టు. నిన్న నేను ఒక వెన్నుకి ఇరవై గింజలు నొక్కితే ఏడింటికే పాలొచ్చాయి, మిగతావన్నీ తాలు. పూత మీద వాన కొడితే పుప్పొడి కారిపోయి గింజ కట్టదు, కానీ అది వారం పది రోజులు పోతేగాని బయటపడదు. అందుకని ఈనిక మీదున్న చేనుకి మొదటి రోజే నష్టం లేదని రాసెయ్యకు తల్లీ, నీకిచ్చిన గడువులోనే ఇంకోసారి వెళ్లిరా. నిలబెట్టుకున్నాడు కాబట్టి నష్టపోలేదంటే, కష్టపడినందుకు శిక్ష వేసినట్టే అవుతుంది.

ఇంక కౌలు సంగతి. ఇది నీకెప్పుడూ చెప్పలేదు. 2022 జూలైలో గోదావరి వచ్చింది గుర్తుందా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిపోయింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు, మరి నది మధ్య లంకలో ఇంకేం మిగులుతుంది. కౌలుకి వేసిన అరటి, గెల వేసే టైముకి మొదలు కుళ్లి ఒక్కొక్క చెట్టే ఒరిగిపోయింది. నష్టం రాయడానికి వచ్చినాయన పడవ దిగి రేవులోనే కుర్చీ వేయించుకుని, పాస్‌బుక్కులు చూసి రాసుకుని వెళ్లిపోయాడు. పాస్‌బుక్ పొలం సొంతదారు ఆసామిది, పేరు ఆసామిదే పడింది, డబ్బూ ఆయన ఖాతాకే వెళ్లింది. ఆయన మంచివాడే, అడిగితే ఇచ్చేవాడేమో. నేనే అడగలేకపోయాను, మళ్లీ ఏడు ఆ చేను నాకు ఇవ్వాలి కదా. ఆ ఏడు నీ హాస్టల్ ఫీజుకి మీ అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. నువ్వు బాధపడాలని కాదు, రేపు నీ ముందు ఇలాంటివాళ్లు నోరు విప్పకుండా నిలబడతారు, వాళ్లని నువ్వే పలకరించాలని చెబుతున్నాను.

2019 చట్టంతో కౌలు రైతులకి సాగుదారు హక్కుల కార్డు వచ్చింది, పదకొండు నెలల గడువుతో ఇస్తారు, కానీ ఆసామి ఒప్పుకుని సంతకం పెట్టాలి, ఆ సంతకం అడగడానికే మా బోటివాళ్లకి నోరు రాదు. దాళ్వా, అదే రెండో పంట, మొదట్లోనే నువ్వు వెళ్లి ఆసాములతో మాట్లాడు. కార్డు ఇస్తే వాళ్ల భూమి హక్కుకేమీ కాదని నేను చెబితే అనుమానిస్తారు, ఉద్యోగస్తురాలివి నువ్వు చెబితే నమ్ముతారు. ఎవరు ఏ పంట వేశారో ఎక్కించే ఈ-క్రాప్‌లో సాగు చేసేవాడి పేరు ఎక్కాలి, అక్కడ లేని పేరు తుపాను వచ్చాక ఎంత మొత్తుకున్నా లిస్టులోకి రాదు.

వచ్చేదెంతలే అని కొందరు తీసిపారేస్తారు. కేంద్రం లెక్కలో నీటివసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000, అంటే ఎకరానికి ఏడు వేల లోపే. 2024 వరదలప్పుడు మన రాష్ట్రం వరికి హెక్టారుకు 25,000 ఇచ్చింది. పెట్టుబడి ఎలాగూ తీరదు, నిజమే. కానీ ఆ డబ్బు సమయానికి వస్తే దాళ్వా నారుకీ దుక్కికీ వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కక్కర్లేదు, అది ఎంత పెద్ద సంగతో ఇంట్లో చూస్తూ పెరిగినదానివి, నీకు వేరే చెప్పాలా.

లిస్టు గోడకి అంటించాక అక్కడితో అయిపోయిందనుకోకు. అభ్యంతరాలు చెప్పుకోవడానికి టైము ఇస్తారు కానీ చదవడం రానివాళ్లకి ఆ కాగితం ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ఓ సాయంత్రం రావిచెట్టు కిందో, రామాలయం దగ్గరో కూర్చోబెట్టి పేర్లు పైకి చదువు. పేరు లేదేమని అడిగినవాళ్లకి పైనుంచి రాలేదని మాత్రం అనకు, ఆ మాట నేను చాలాసార్లు విన్నాను, విన్నాక ఇంటికి నడుస్తుంటే కాళ్లు పడవు. ఈ-క్రాప్ లేదనో, వేలిముద్ర పడలేదనో, ఆధార్‌కి బ్యాంకు ఖాతా కలవలేదనో ఉన్న కారణం చెప్పు. కారణం తెలిస్తే ఆ మనిషి బ్యాంకుకి వెళ్తాడు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టుకుంటాడు.

గట్లన్నీ జారుతున్నాయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడు, పాములు కూడా గట్ల మీదకే చేరతాయి, కర్ర ఒకటి తీసుకెళ్లు.

మన చేను రాయడానికి ఇక్కడి అమ్మాయి శుక్రవారం వస్తానంది. మా నాన్న చేను కాస్త చూడమని తనకి ఫోను చెయ్యకు అమ్మలూ. కార్డు ఈసారి నా పేరునే ఉంది, నేను చేలోనే ఉంటాను, గింజ నొక్కి చూపిస్తాను.

మీ నాన్న