ముందు తేదీ చూడండి, తర్వాత ‘ప్రొసీడ్’ నొక్కండి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి, రాయగడ వైపు నెట్ సెంటర్లలో ఒడిశా ఫారాలూ ఆంధ్రా ఫారాలూ ఒకే బల్ల మీద నింపుతుంటారు. ‘మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు’ అని తెర మీద పడగానే “ఏం కాదమ్మా, అడ్వాన్స్‌డ్ నొక్కి ప్రొసీడ్ కొట్టేయండి” అనడం మామూలైంది. చాలాసార్లు నిజంగానే ఏమీ కాదు, సైట్ సర్టిఫికెట్ (ఈ పేజీ ఆ చిరునామాదేనని బ్రౌజర్‌కు రుజువు చేసి, మనం కొట్టేది రహస్యంగా వెళ్లేలా చేసే డిజిటల్ పత్రం) గడువు తీరి ఉంటుంది. కానీ మధ్యలో ఎవడో దూరి నకిలీ పేజీ చూపించిన రోజునా వచ్చేది ఆ హెచ్చరికే, నొక్కేదీ ఆ బటనే.

ఒక్క సైట్ కాక అన్నీ అలాగే మొరాయిస్తుంటే కంప్యూటర్ మూలన తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు మంచి సర్టిఫికెట్ కూడా చెల్లదు.

ఒక్క సైటే అయితే చాలావరకు తప్పు దాన్ని నడిపేవాళ్లది. సర్టిఫికెట్ లేని సైట్‌లో ఆధార్ నంబర్ కొడితే అదే వైఫైలో కూర్చున్నవాడు చదివేయగలడు. (ఉన్నంత మాత్రాన సైట్ నిజాయతీపరుడిదని కాదు, మోసగాళ్లకూ సర్టిఫికెట్ దొరుకుతుంది.) డబ్బుల్లేవనే సాకు కుదరదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. గడువు 90 రోజులు. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ సర్వర్‌లో పెట్టుకుంటే ఇంకా 30 రోజులుండగానే అదే కొత్తది తెస్తుంది.

అయినా ఈ మార్పిడి ఎందుకు ఆగుతుందంటే, ఎవరో ఫైర్‌వాల్‌లో 80వ పోర్టు (సర్వర్‌లోకి మామూలు వెబ్ రాకపోకల ద్వారం) మూసేస్తారు. సైట్ మీదేనా అని మామూలు పద్ధతిలో తనిఖీ జరిగేది ఆ దారినే. ఇంకోటి మరీ చికాకు: కొత్త సర్టిఫికెట్ డిస్క్‌లోకి వచ్చేసినా, పేజీలు పంపే సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జిన్ఎక్స్‌ను రీలోడ్ చేయకపోతే పాతదే చూపిస్తుంటుంది. రీలోడ్ ఆదేశాన్ని, కొత్తది రాగానే సర్ట్‌బాట్ తనంతట తానే నడిపే డిప్లాయ్ హుక్‌లో రాసిపెడితే ఈ బెడద ఉండదు. కంప్యూటర్‌లో తెరుచుకుని ఫోన్‌లో తెరుచుకోకపోతే ఫుల్‌చెయిన్ ఫైలు (జారీచేసినవాళ్ల సర్టిఫికెట్ కూడా కలిపినది) బదులు ఉత్త సర్ట్ ఫైలు ఇచ్చారేమో చూడాలి. డబ్ల్యూ‌డబ్ల్యూ‌డబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ సర్టిఫికెట్‌లో ఉండాలి.

గడువు దగ్గరపడిందని ఈమెయిల్ వస్తుందిలే అనుకోవద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో అవి ఆపేసింది. డబ్బిచ్చి కొన్న సర్టిఫికెట్ల గరిష్ఠ గడువూ తగ్గుతోంది: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో అదే తేదీ నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. ఏడాదికోసారి విశాఖలో ఉన్న కుర్రాడికి ఫోన్ చేసి మార్పించుకునే కాలేజీలు అప్పుడు ఏడాదికి ఎనిమిదిసార్లు చేయాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా