8 వేస్తే మలుపు వచ్చేసినట్టేనా?

సంపాదకుల వారికి,

విజయవాడ ఆటోనగర్‌లో టూవీలర్ మెకానిక్‌ని. ‘మలుపులో బండి లాగేస్తోంది, ఫోర్కు చూడన్నా’ అంటూ కుర్రాళ్లు తరచూ వస్తారు. చాలాసార్లు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లు, బాగానే ఉంటుంది. వెనక టైరు మాత్రం మధ్యలో అరిగి బల్లపరుపుగా అయిపోయి ఉంటుంది. అంచుల్లో కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడనే లేదు. హైవే మీద నిటారుగా తిరిగి తిరిగి అలా అవుతుంది. అలాంటి టైరు ఒరిగేటప్పుడు గట్టు దిగినట్టు ఒక్కసారిగా పడుతుంది. టైరు మార్చేస్తాం. అయినా మలుపంటే టెన్షన్ పోదు, ఎందుకంటే అది ఎలా తిప్పాలో వాళ్లకెవరూ చెప్పలేదు.

లైసెన్సుకి 8 వేయిస్తారు. అదంతా నడక వేగం. హ్యాండిల్ ఎటు తిప్పితే బండి అటే పోతుంది. నలభై, యాభైలో లెక్క వేరు. ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ని మెల్లగా ముందుకు నెట్టాలి. అప్పుడు బండి ఎడమకు ఒరిగి తిరుగుతుంది. మామూలప్పుడు తెలియకుండానే అందరూ చేసేది ఇదే. కంగారు పడితే మాత్రం చేతులు బిగుసుకుంటాయి, కళ్లు డివైడర్‌కి అతుక్కుంటాయి, బండీ అటే పోతుంది.

2020లో మొదలైన కనకదుర్గ ఫ్లైఓవర్ కృష్ణ పక్కనే వంపులు తిరుగుతుంది. సాయంత్రం అక్కడ చూడండి, వంపు మధ్యకొచ్చాక బ్రేకు లైట్లు వెలుగుతాయి. టైరుకున్న పట్టు కొంతే. బ్రేకుకి ఎక్కువ వాడేస్తే తిరగడానికి మిగలదు. వేగం వంపుకి ముందే తగ్గించాలి. వాన పడితే అతుకుల దగ్గరి ఇనుప పట్టీలు జారుతాయి, వాటి మీద బండిని వీలైనంత నిటారుగా దాటించాలి. ‘ఏబీఎస్ ఉందిగా అన్నా’ అంటారు. 125 సీసీ దాటిన బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి, మంచిదే. చక్రం లాక్ కాకుండా ఆపుతుంది, అంతేగానీ ఎక్కువ స్పీడులో దూరిన మలుపుని గట్టెక్కించదు.

రేసుల్లోలా మోకాలు నేలకు ఆనించే పని రోడ్డు మీద వద్దు. మోకాళ్లతో ట్యాంకు పట్టుకుని, మోచేతులు వదులుగా ఉంచి, తల, భుజం కాస్త మలుపు లోపలికి పెడితే చాలు. శరీరం లోపలికి వస్తే అదే వేగానికి బండి తక్కువ ఒరుగుతుంది. చూపు మలుపు చివర ఉండాలి. ఎక్కే ముందు సైడ్ స్టాండు తీశామో లేదో చూసుకోవాలి, ఎడమకు ఒరిగితే ముందు నేలకు తగిలేది అదే. కొండవీడు ఘాట్‌లో కుడి మలుపులు మరీ జాగ్రత్త. రోడ్డు మధ్య గీతకి ఆనుకుని ఒరిగితే టైరు మనవైపే ఉన్నా తల అవతలికి పోతుంది, ఎదురుగా బస్సు రావచ్చు. అందుకే ఎడమకే ఉండాలి.

రవాణా శాఖ వారు 8 తర్వాత మరో అరగంట కేటాయించి, ఖాళీ మైదానంలో రబ్బరు శంకువులు పెట్టి ముప్పై స్పీడులో వంపు తిప్పించాలి, వంపుకి ముందే బ్రేకు వేయించాలి. ఆ తర్వాతే లైసెన్సు ఇవ్వాలి. నేర్పేవాళ్లు కావాలంటే ఆదివారాలు షాపు కట్టేసి నేనూ వస్తాను.

– ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ