ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ వేగం: ముందు వాట్లు చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఇంజనీరింగ్‌లో చేరబోయే విద్యార్థులు ల్యాప్‌టాప్ కొనే ముందు గమనించవలసిన విషయాల గురించి మీ పత్రిక విద్యా పుటలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ప్రాసెసర్ తరం, మెమరీ, తెర పరిమాణం, గ్రాఫిక్స్ కార్డు పేరు అన్నీ వివరంగా ఇచ్చారు గానీ, ఆ కార్డుకు ఎన్ని వాట్ల విద్యుత్తు అందుతుందన్న సంగతిని ఒక్క వాక్యంలోనైనా ప్రస్తావించలేదు. పైగా, వేగం చాలదనిపిస్తే ఓవర్‌క్లాకింగ్ చేసుకోవచ్చునని చివర్లో ఒక మాట అని వదిలేశారు. ఆ చెప్పని సంగతికీ, ఈ చెప్పిన మాటకూ విడదీయరాని సంబంధం ఉంది. అది తెలియకనే మన తిరుపతిలో ఎందరో విద్యార్థులు డబ్బిచ్చి మరీ తమ యంత్రాలను ఇబ్బంది పెట్టుకుంటున్నారు గనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఎస్వీ విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్, వీటికి తోడు చుట్టుపక్కల ఉన్న ప్రైవేటు కళాశాలలు కలిసి ఈ నగరాన్ని విద్యార్థుల ఊరుగా మార్చాయి. వారికి గ్రాఫిక్స్ కార్డు ఆటల కోసమే కాదు, బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాంలో బొమ్మలు తీర్చడానికి, వీడియోల కూర్పుకు, మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులకు కూడా కావాలి. ఆ అవసరాన్ని చూసుకుని, కొంత సొమ్ము తీసుకుని ల్యాప్‌టాప్‌ను 'స్పీడ్ చేసిస్తామనే' దుకాణాలు నగరంలో పుట్టుకొచ్చాయి. అవి వచ్చిన ప్రతి యంత్రానికీ ఒకే అంకెలు పెట్టి, ఉష్ణోగ్రత ఎంతకు పోతున్నదో చూడకుండానే చేతికిచ్చి పంపుతున్నాయి.

ఓవర్‌క్లాకింగ్ అంటే తయారీదారు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ క్లాక్ వేగంతో (అంటే చిప్ సెకనుకు వేసే అడుగుల లెక్క) గ్రాఫిక్స్ చిప్‌ను, దాని మెమరీని పనిచేయించడం. ఇందులో తప్పేమీ లేదు. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఎవరైనా చేసుకోవచ్చు. కొన్ని కంపెనీలైతే గేమింగ్ ల్యాప్‌టాప్‌లతో పాటు ఇచ్చే తమ సాఫ్ట్‌వేర్‌లోనే ఆ వెసులుబాటు కల్పించాయి. 2015 ఫిబ్రవరిలో గ్రాఫిక్స్ చిప్‌లు తయారుచేసే ఎన్విడియా సంస్థ తన డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ద్వారా ల్యాప్‌టాప్ కార్డుల ఓవర్‌క్లాకింగ్‌కు అడ్డుకట్ట వేయబోయి, వినియోగదారులు గట్టిగా గోల చేయడంతో వెనక్కు తగ్గింది. కాబట్టి చేయవచ్చా, కూడదా అన్నది నా ప్రశ్న కాదు. డెస్క్‌టాప్‌కు చెప్పే సలహాను తీసుకొచ్చి ల్యాప్‌టాప్‌కు అంటగట్టడమే నా అభ్యంతరం.

డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డుకు సొంత ఫ్యాన్లు ఉంటాయి, పాడైతే ఊడదీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో అలా కుదరదు. చిప్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి అతికిస్తారు. చాలా నమూనాల్లో ప్రాసెసర్ వేడినీ, గ్రాఫిక్స్ చిప్ వేడినీ ఒకే జత రాగి హీట్ పైపులు మోసుకుపోవాలి. అందుకే ఒకే పేరుగల కార్డుకు ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక్కో విద్యుత్ పరిమితి పెడతారు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డునే చూడండి. ఎన్విడియా దానికి నిర్ణయించిన పరిధి 35 నుంచి 115 వాట్ల వరకు ఉంది. పలుచని ల్యాప్‌టాప్‌లో అడుగు పరిమితికి దగ్గరగానూ, బరువైన దానిలో పై పరిమితి దాకానూ ఇస్తారు. డబ్బా మీద మాత్రం రెండింటికీ ఒకటే పేరు. ఇక ఆర్‌టీఎక్స్ 4090 విషయం మరీ విడ్డూరం. డెస్క్‌టాప్ కార్డు 450 వాట్లది, ల్యాప్‌టాప్ కార్డు 150 వాట్ల స్థాయిది, లోపలి చిప్ కూడా వేరే, అయినా అంకె ఒక్కటే. ఒకప్పుడు తక్కువ విద్యుత్తుతో నడిచే కార్డులకు మ్యాక్స్-క్యూ అని పేరు చివర తగిలించేవారు. 2021 నుంచి కార్డు పేరులో ఆ గుర్తు కూడా కనబడడం మానేసింది.

ఆఫ్టర్‌బర్నర్ తెరిచి చూస్తే, చాలా ల్యాప్‌టాప్‌లలో పవర్ లిమిట్ అన్న గీత కదలకుండా బిగుసుకుని ఉంటుంది. క్లాక్ వేగాన్ని పెంచవచ్చు గానీ వాట్లను పెంచలేము. అందువల్ల ఓవర్‌క్లాకింగ్‌తో సాధారణంగా దొరికేది అయిదు నుంచి పది శాతం అదనపు వేగం, అదీ చిప్ మంచిదై, వేడి అదుపులో ఉంటేనే. 45 వాట్ల కార్డును ఎంత తోమినా 115 వాట్ల కార్డు కాదు. కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్నను అడగకుండా కొని, ఆ లోటును తరువాత ఓవర్‌క్లాకింగ్‌తో పూడ్చుకోవాలనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతోంది.

ఇక వేడి సంగతి. చిప్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటుంది. ఫ్యాన్ల వేగం, పని భారం మారకపోతే గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరు రాత్రి 20 డిగ్రీల గదిలో 72 దగ్గర నిలిచిన చిప్, అదే పనిని కత్తిరి ఎండల్లో 36 డిగ్రీల గదిలో చేస్తే 88 దగ్గరికి చేరుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో 87 డిగ్రీల ప్రాంతంలోనే కార్డు తనంతట తాను క్లాక్ తగ్గించుకుంటుంది. అంటే చలికాలంలో పరీక్షించి పెట్టుకున్న ఓవర్‌క్లాక్, మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో, వేగం పెంచకపోగా ఆట మధ్యలో కుదుపులు తెస్తుంది. చల్లని దేశాల్లో, ఏసీ గదుల్లో తీసిన వీడియోలు చూసి ఆ అంకెలనే ఇక్కడ పెట్టేవారు ఈ లెక్కను తప్పనిసరిగా వేసుకోవాలి. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చుంటే చెమట ఆరి మనకు హాయిగా ఉంటుంది గానీ, చెమట పట్టని యంత్రానికి ఆ హాయి దక్కదు. అది పీల్చుకునేది అదే 36 డిగ్రీల గాలి.

హాస్టల్లో ఉండే ఒక విద్యార్థి ఇటీవల తన ల్యాప్‌టాప్‌ను నా వద్దకు తెచ్చాడు. దుకాణంలో స్పీడ్ చేయించాక అది ఇంకా నెమ్మదించిందని అతని ఫిర్యాదు. అడుగు మూత విప్పి చూస్తే, ఫ్యాను గాలి బయటకు పోయే సన్నని రాగి రెక్కల ముందు దుమ్మూ, దుప్పటి నూగూ కలిసి పేరుకుని, పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా ఊడివచ్చేంత మందంగా ఉంది. చిప్ వేడిని రాగి పైపులకు అందించే థర్మల్ పేస్ట్ ఎండి పగిలి, అంచులకు జరిగిపోయింది. ఆ నూగును తీసి, కొత్త పేస్ట్ రాసి, దుకాణం వారు పెట్టిన అంకెలన్నీ తీసివేసి నడిపితే, 87 వద్ద కొట్టుకుంటున్న చిప్ 76 దగ్గర స్థిరపడింది, క్లాక్ వేగం కూడా తనంతట తానే పెరిగింది. ఎన్విడియా కార్డులలో ఉన్న బూస్ట్ ఏర్పాటు పనే అది. చల్లదనం, వాట్లు మిగిలి ఉంటే కార్డే వేగాన్ని పెంచుకుంటుంది. మంచం మీద, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నడిపే అలవాటు మన హాస్టళ్లలో చాలా ఎక్కువ. కింది నుంచి గాలి పీల్చుకునే యంత్రానికి అది ముక్కు మూయడమే.

శుభ్రం చేశాక కూడా ఇంకొంచెం వేగం కావాలనుకునేవారు క్లాక్ పెంచడానికన్నా ముందు వోల్టేజిని తగ్గించే అండర్‌వోల్టింగ్‌ను ప్రయత్నించాలని నా గట్టి అభిప్రాయం. చిప్ తీసుకునే విద్యుత్తు క్లాక్ వేగంతో పాటు వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ను) అనుసరించి పెరుగుతుందన్నది ఎలక్ట్రానిక్స్ చదివిన ప్రతి డిప్లొమా విద్యార్థికీ తెలిసిన సూత్రమే. అదే క్లాక్ వేగాన్ని 0.95 వోల్టుల బదులు 0.85 వోల్టులతో సాధించగలిగితే, ఆ మేరకు విద్యుత్తు దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. వాట్ల పరిమితి బిగించి ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇలా మిగిలిన వాట్లు మళ్లీ వేగంగా మారతాయి, వేడి మాత్రం పెరగదు. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ మీటలు కలిపి నొక్కితే వోల్టేజికీ క్లాక్‌కూ మధ్య గీసిన వక్రరేఖ కనబడుతుంది. అందులో ఎంచుకున్న వోల్టేజి వద్ద బిందువును కావలసిన వేగానికి ఎత్తి, ఆ తరువాతి భాగాన్ని చదును చేయాలి. ప్రతి చిప్‌కూ ఈ అంకె వేరుగా ఉంటుంది గనుక పక్కవాడి అంకె పనికిరాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో తయారీదారులు ఈ సదుపాయాన్ని మూసివేశారు కూడా.

నేరుగా ఓవర్‌క్లాక్ చేయదలచినవారు ఆ ప్రోగ్రాంను ఎంఎస్ఐ అధికారిక వెబ్‌సైట్ నుంచే దింపుకోవాలి. దాని పేరుతో నకిలీ సైటు ఒకటి నడుస్తోందని 2021లో ఆ కంపెనీయే హెచ్చరించింది. ఛార్జరు తగిలించి, ల్యాప్‌టాప్ వెనుక భాగాన్ని కాస్త ఎత్తులో పెట్టి, ఏ మార్పూ చేయకుండానే అరగంట పాటు బరువైన ఆటనో, యూనిజిన్ సూపర్‌పొజిషన్ వంటి పరీక్షనో నడిపి, ఉష్ణోగ్రత, క్లాక్, వాట్లు మూడింటినీ కాగితం మీద రాసుకోవాలి. అప్పటికే చిప్ 85 దాటుతున్నదంటే అక్కడితో ఆపి, మూత విప్పడం గురించి ఆలోచించడం మేలు. లేదంటే కోర్ క్లాక్‌ను, అంటే మెమరీ కాక చిప్ వేగాన్ని, 15 లేదా 30 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, పెంచిన ప్రతిసారీ పరీక్షించాలి. తెర మీద రంగు చుక్కలు మెరవడం, బొమ్మలు చిరిగినట్లు కనబడడం, తెర ఒక్క క్షణం నల్లబడి డ్రైవర్ మళ్లీ లేవడం హద్దు దాటిన గుర్తులు. గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్ల పాటు బదులివ్వకపోతే విండోస్ దానిని తిరిగి మొదలుపెడుతుంది. అటువంటిది కనబడగానే రెండు మెట్లు దిగి, అక్కడ గంటసేపు నడిపి చూడాలి. కోర్ కుదిరిన తరువాతనే మెమరీ జోలికి పోవాలి. యంత్రం ఆన్ కాగానే ఈ మార్పులు వాటంతట అవే అమలయ్యే గుర్తును, కొన్ని రోజులు నిలకడగా నడిచేదాకా పెట్టకూడదు. పెడితే, అంకె తప్పయిన రోజున ప్రతిసారీ తెర నల్లబడుతూనే ఉంటుంది.

మెమరీ గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది విద్యార్థులకే ఎక్కువ నష్టం. ఇప్పటి కొన్ని కార్డుల్లో మెమరీ హద్దు దాటితే తెర మీద ఏ తేడా కనబడదు. తప్పుపోయిన సమాచారాన్ని కార్డు మళ్లీ మళ్లీ పంపించుకుంటుంది గనుక అంకె పెరిగినా వేగం తగ్గుతుంది. ఆటలో ఒక చుక్క రంగు మారితే మునిగిపోయేదేమీ లేదు. మెషీన్ లెర్నింగ్ లెక్కల్లో మాత్రం ఒక అంకె తప్పయితే అది ఎవరికీ కనబడకుండా ప్రాజెక్టు ఫలితంలోకి వచ్చి కూర్చోవచ్చు. అటువంటి పని చేసేటప్పుడు ఓవర్‌క్లాక్‌ను తీసివేయడమే క్షేమం.

ఛార్జరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 230 వాట్ల ఛార్జరుతో వచ్చిన ల్యాప్‌టాప్‌కు, అది పోయాక బజారులో దొరికిన తక్కువ వాట్ల డూప్లికేట్ తగిలిస్తే, కార్డుకు అందే విద్యుత్తే తగ్గిపోతుంది. అలాగే, ఒకే మెమరీ (ర్యామ్) ముక్కతో వచ్చిన ల్యాప్‌టాప్‌కు జత ముక్క వేయిస్తే, కొన్ని ఆటల్లో ఓవర్‌క్లాక్ ఇచ్చేదానికన్నా ఎక్కువ లాభమే కనబడుతుంది.

వాట్ల పరిమితిని కూడా ఎత్తివేస్తామని చెప్పి, గ్రాఫిక్స్ కార్డు వీబయోస్‌ను (కార్డులోనే ఉండి దాన్ని నడిపించే మూల ప్రోగ్రాంను) మార్చివేసే దుకాణాలకు మాత్రం ఎవరూ ల్యాప్‌టాప్ ఇవ్వకూడదు. క్లాక్ ఎక్కువైతే యంత్రం ఆగిపోయి, మళ్లీ పెడితే లేస్తుంది. వీబయోస్ తప్పు పడితే తెరే రాదు. సరిగ్గా పడినా, ఆ బోర్డు మీది విద్యుత్ భాగాలు, ఆ హీట్ పైపులు ఆ అదనపు వాట్ల కోసం చేసినవి కావు. చెడితే మదర్‌బోర్డు మొత్తాన్ని మార్చాలి, కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకునే వీలూ ఉండదు.

ఇక మీ పత్రికకూ, మన జిల్లా వ్యాపారులకూ నా మనవి. ఏసీ కొనేవారికి దాని మీది స్టార్ లేబుల్ ఎంత కరెంటు కాలుతుందో చెబుతున్నది. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ ప్రకటనలో మాత్రం కార్డు పేరు పెద్ద అక్షరాల్లో వేసి, వాట్లను ఎక్కడా వేయడం లేదు. వస్తువు నాణ్యత, పరిమాణం, శక్తి, ప్రమాణం గురించి తెలుసుకోవడం వినియోగదారుడి హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెబుతున్నది. ధర చీటీ మీద కార్డు పేరు పక్కనే 'ఇన్ని వాట్లు' అని రాయడానికి దుకాణదారుకు అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు. స్పీడ్ చేసే దుకాణాలు కూడా చేయక ముందు, చేసిన తరువాత ఉష్ణోగ్రత ఎంత ఉన్నదో, ఏ అంకెలు మార్చారో రసీదు మీద రాసివ్వాలి. మీరు ప్రచురించే ల్యాప్‌టాప్ వ్యాసాల పట్టికల్లోనూ ఈ వాట్ల వరుస ఒకటి చేర్చవలసిందిగా కోరుతున్నాను.

అంతవరకు కొనేవారు దుకాణంలోనే ఒక పని చేయవచ్చు. ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి, అందులోని సిస్టం సమాచారం నొక్కితే, గరిష్ఠ గ్రాఫిక్స్ విద్యుత్తు ఎన్ని వాట్లో అక్కడ రాసి ఉంటుంది. డబ్బు చెల్లించక ముందే ఆ అంకెను చూసి, బిల్లు మీద రాయించుకోవాలి. ఆ ప్యానెల్‌ను తెరవనివ్వని దుకాణం ఉంటే, పక్క దుకాణంలో అడగవచ్చు.

ఇట్లు,
విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
బైరాగిపట్టెడ, తిరుపతి.